కాడ మీది పిలకలు

జులై నెల వచ్చిందంటే మన ఊళ్ళో ఎటు చూసినా డేలిల్లీలే. బ్యాంకు ముందు డేలిల్లీ, గ్యాస్ స్టేషన్ పక్కన డేలిల్లీ, డాక్టరుగారి ఆఫీసు పార్కింగ్ లాటు చుట్టూ డేలిల్లీ. మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళ ముందూ ఉన్నవే. అవి మీరు నాటినవి కాకపోవచ్చు. ఇల్లు కొన్ననాడు మెయిల్‌బాక్సుతోనూ, బేస్‌మెంటులోని పాత పెయింటు డబ్బాలతోనూ పాటు మీకు సంక్రమించి ఉంటాయి. నీళ్ళు పోయకపోయినా చావవు, ఎరువు వెయ్యకపోయినా పూస్తాయి కనుక వాటి సంగతి ఎవరూ పట్టించుకోరు. కరివేపాకు మొక్క నాలుగాకులు రాలిస్తే ఊరంతా ఫోన్లు చేసుకునే మనం, ఈ మొక్క కేసి తలతిప్పి చూడం.

ఆగస్టు వచ్చేసరికి పూలు చాలామటుకు అయిపోతాయి. ఎండిన కాడలు చూడడానికి బాగుండవని శనివారం పొద్దున్న గడ్డి కోయడం అయ్యాక కత్తెర పట్టుకుని వాటిని మొదలంటా కోసి సంచిలో పడేయడం అందరికీ రివాజు. ఈ నెల మేము చెప్పదలచుకున్న ముక్క ఒకటే. కోసే ముందు ఒక్క క్షణం ఆగి, కాడ పై భాగంలో కణుపుల దగ్గర చూడండి. కొన్ని కాడల మీద పూర్తి మొక్క ఒకటి, చేతి వేలంతది, మీ కోసం తయారై కూర్చుని ఉంటుంది.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మన వైపు పూల కొట్లో లిల్లీ అంటే దండల్లో గుచ్చే తెల్లని నేలసంపెంగ. అది వేరు. ఈస్టరు పండక్కి ఇక్కడ కుండీల్లో అమ్మే తెల్లని బాకా పువ్వు అసలైన లిల్లీ. దానికి నేలలో పొరలు పొరలుగా గడ్డ, కాడ పొడుగునా ఆకులు ఉంటాయి. డేలిల్లీకి గడ్డా లేదు, కాడకి ఆకులూ లేవు. ఆకులన్నీ నేల దగ్గరే విసనకర్రలా రెండు వైపులకీ విచ్చుకుంటాయి. మధ్య నుంచి బోడి కాడ ఒకటి లేచి, పైన కొమ్మలు వేసి మొగ్గ తొడుగుతుంది. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. 1753లో లిన్నేయస్ ఖాయం చేసిన హెమెరోకాలిస్ అన్న శాస్త్రీయనామంలో ఉన్నవి కూడా రోజు, అందం అనే రెండు గ్రీకు మాటలే. రోడ్డు పక్కన పూసే నారింజ రంగు డేలిల్లీని టైగర్ లిల్లీ అనేవారు ఉన్నారు. నిజమైన టైగర్ లిల్లీ కాడకి ఆకుల మొదళ్ళలో మిరియాల్లాంటి నల్లని గుళికలు కాస్తాయి. వాటిని నాటినా మొక్కలు వస్తాయి గాని, మన కథ వాటిది కాదు.

డేలిల్లీ కాడ మీద కణుపు ఉన్నచోట సన్నని ఆకురేకు ఒకటి కాడని అంటిపెట్టుకుని ఉంటుంది. మామూలుగా ఆ రేకు చంకలోంచి పూలకొమ్మ రావాలి. ఒక్కోసారి కొమ్మకి బదులు ఆకులు వస్తాయి. మొదట వెల్లుల్లి రెబ్బ మొలకెత్తినట్టు ఒక పచ్చని ముక్కు కనబడుతుంది. పది పదిహేను రోజుల్లో రెండు మూడు ఆకులై, అచ్చంగా తల్లి మొక్కకి బొమ్మ గీసినట్టు చిన్న విసనకర్రలా విచ్చుకుంటుంది. మొగ్గ అయితే గుండ్రంగా బొద్దుగా ఉంటుంది, ఇది బల్లపరుపుగా ఉంటుంది. అడుగున పట్టి చూస్తే చిన్న చిన్న బొడిపెలు వేలికి తగులుతాయి. అవే రాబోయే వేళ్ళు. ఇక్కడివాళ్ళు దీన్ని ప్రొలిఫరేషన్ అంటారు. నోరు తిరగని ఆ మాట ఎందుకు, అరటికీ చేమకీ మనం వాడే పిలక అన్న మాట ఉండగా! తేడా ఏమిటంటే ఆ పిలకలు నేలలోంచి వస్తాయి, ఇవి గాలిలో పుడతాయి.

మనకి ఇదేమీ కొత్త వింత కాదు. రణపాల ఆకు అంచున పిల్లలు పెట్టడం చిన్నప్పుడు పుస్తకం మధ్య ఆకు దాచి చూసినవాళ్ళం. రైలు కట్టల వెంట కంచెలా పెరిగే కిత్తనార మట్టలు ఎన్నో ఏళ్ళకి ఒకసారి తాటిచెట్టంత కాడ వేసి, దాని మీద వందల పిల్లల్ని మోస్తాయి. మన ఇళ్ళలో కిటికీ దగ్గర వేలాడదీసే స్పైడర్ ప్లాంటు చేసేదీ అదే పని.

ఇందులో అసలు కిటుకు వేరే ఉంది. డేలిల్లీ విత్తనం వేస్తే మొక్క వస్తుంది, సందేహం లేదు. కాని తేనెటీగ ఏ ఇంటి పుప్పొడి ఏ ఇంటికి మోసిందో ఎవరికి తెలుసు? తోటల్లో ఉన్నవన్నీ తరతరాలుగా కలిపి కలిపి చేసిన సంకరజాతులు. విత్తనం నుంచి వచ్చిన బిడ్డకి తల్లి ముక్కూ, తాతగారి రంగూ, ఎవరిదో తెలియని ఎత్తూ వస్తాయి. పిలక అలా కాదు. ఇందులో తండ్రి ప్రసక్తే లేదు. తల్లి కాడ కణుపులో ఉన్న కణాల నుంచే పుట్టింది కనుక అది బిడ్డ కూడా కాదు, ఆ తల్లే. అదే రంగు, అదే ఎత్తు, అదే వారంలో పూత. దుబ్బు తవ్వి విడదీస్తే వచ్చే మొక్క ఎంత అసలుదో ఇదీ అంత అసలుదే, పైగా తవ్వనక్కర్లేదు.

ఈ అసలుదనం ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి ఆ రోడ్డు పక్క నారింజ పువ్వు ఒక్కటి చాలు. అది పుట్టింది ఆసియాలో. 16వ శతాబ్దంలోనే యూరపు తోటల్లో ఉంది. అక్కడి నుంచి వలస వచ్చినవారితో ఈ దేశం చేరింది. మామూలు డేలిల్లీ కణంలో 22 క్రోమోజోములు ఉంటే, దీనిలో 33 ఉంటాయి. అవి జతలుగా పంచుకోవడం కుదరక ఇది విత్తనం కట్టదు. అయినా ఇన్ని రాష్ట్రాల్లో మురుగుకాలవల గట్ల మీద, పాడుపడ్డ ఫారాల దగ్గర నిండిపోయిందంటే, వేరు ముక్కలు చేతులు మారి, మట్టితో పాటు కొట్టుకుపోయి వచ్చినవే. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో ఆర్లో స్టౌట్ అనే శాస్త్రజ్ఞుడు ఈ మొక్కల వెనక ఏళ్ళ తరబడి పడి, 1934లో డేలిల్లీల మీద ఒక పుస్తకం వెలువరించాడు. నేటి సంకరజాతుల్లో చాలావాటి వంశవృక్షం ఆయన పని దగ్గరికి వెళుతుంది. అన్నట్టు, ఆ నారింజ మొక్కని మాత్రం అడివి అంచున నాటకండి. అది నేల కింద పాకి తక్కిన మొక్కల్ని తరిమేస్తుంది. చాలా రాష్ట్రాల్లో దాన్ని కలుపు కిందే లెక్కగడుతున్నారు.

ఇక పని సంగతి. అన్ని డేలిల్లీలూ పిలకలు వెయ్యవు. కొన్ని రకాలు ఏటా వేస్తాయి, కొన్ని ఉక్కగా వేడిగా ఉన్న ఏడు మాత్రమే వేస్తాయి, కొన్ని జన్మలో వెయ్యవు. సైటోకైనిన్ అనే హార్మోను కలిపిన లేపనం కణుపుకి పూసి బలవంతాన పుట్టించే అభిమానులు ఉన్నారు. మనకి అంత ఆరాటం అక్కర్లేదని మా అభిప్రాయం. కనబడ్డదాన్ని కాపాడుకుంటే చాలు.

కనబడగానే కోసేయాలని చెయ్యి దురద పుడుతుంది. అది పనికిరాదు. కాడ పచ్చగా ఉన్నంతకాలం తల్లి దానికి పాలిస్తూనే ఉంటుంది. పిలక ఎంత పెద్దదైతే బతికే అవకాశం అంత ఎక్కువ. కాడ చివర నుంచి పసుపురంగు దిగుతూ వస్తున్నప్పుడు, పిలక ఉన్న కణుపుకి పైన ఒక అంగుళం, కింద రెండంగుళాలు వదిలి కోయండి. కింద వదిలిన ఆ ముక్క చిన్న మేకులా పనికొస్తుంది. దాన్ని మట్టిలో గుచ్చితే పిలక ఒరిగిపోకుండా నిలబడుతుంది. వేళ్ళు మాత్రం ఆ ముక్కకి రావు, పిలక అడుగునే వస్తాయి. అందుకని పిలక మొదలు మట్టిని తాకాలి, అర అంగుళం లోపలికి ఉంటే మరీ మంచిది. ముక్క గుచ్చేసి పిలకని గాల్లో ఉంచితే ఎండి చస్తుంది. ఆకులు పొడుగ్గా ఉంటే సగానికి కత్తిరించండి. వేళ్ళు లేని మొక్క అన్ని ఆకులకి నీరు అందించలేదు.

నాలుగంగుళాల కుండీ, అడుగున చిల్లు, తేలికైన పాటింగ్ మిక్స్, ఇంతే సరంజామా. పెరటి మట్టి బరువు, నీరు నిలుస్తుంది. రూటింగ్ పౌడరు చేతిలో ఉంటే అద్దండి, లేకపోతే దాని కోసం స్టోరుకి పరిగెత్తనక్కర్లేదు. ఒక గ్యాలను పాల డబ్బా అడుగు కోసి కుండీ మీద బోర్లిస్తే తేమ పోకుండా ఉంటుంది. మూత తీసి ఉంచితే ఉక్కబోసి కుళ్ళదు. వారం పది రోజులు నీడలో, ఆ తరవాత పొద్దుటి ఎండలో. మట్టి పిడికెడితే ముద్దవ్వాలి గాని నీరు కారకూడదు. రెండు మూడు వారాలకి ఆకు పట్టుకుని మెల్లగా లాగి చూడండి. అడ్డుపడితే వేరు దిగినట్టు.

కొందరు గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేళ్ళు రప్పిస్తారు. పిల్లలకి చూపించడానికి ఇది భలే సరదా. నీరు పిలక అడుగుని తాకి తాకనట్టు ఉండాలి, రెండు రోజులకొకసారి మార్చాలి. అంగుళం వేళ్ళు రాగానే మట్టిలోకి మార్చేయాలి, లేకపోతే నీటికే అలవాటుపడి మట్టిలో మొరాయిస్తాయి. మల్లెకి నేల అంటు కట్టినట్టు కాడని వంచి పక్క కుండీలో పిన్నుతో నొక్కిపెట్టే పద్ధతి ఒకటి ఉంది. డేలిల్లీ కాడ మల్లెతీగ కాదు, వంచితే పుటుక్కున విరుగుతుంది. వర్షానికి దానంతటది ఒరిగిన కాడకి తప్ప ఇది మేము సిఫారసు చెయ్యం. దానికంటే గాలి అంటు మేలు. పిలక అడుగున తడి నాచు గుప్పెడు పెట్టి ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు వైపులా దారంతో కట్టేస్తే కాడ మీద ఉండగానే వేళ్ళు వస్తాయి.

మన ఉత్తరాది రాష్ట్రాల్లో గండం అంతా మొదటి చలికాలంలోనే. నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాలు ముందు పెరట్లో నాటగలిగితే నాటండి. ఓహాయోలో అంటే సెప్టెంబరు దాటించకూడదు. నేల గట్టిపడ్డాక పైన మల్చ్ కప్పండి. చలికి చచ్చే పిలకల కంటే, నేల గడ్డకట్టీ కరిగీ పొంగుతూ ఉంటే వేళ్ళతో సహా పైకి లేచిపోయి ఎండిపోయేవే ఎక్కువ. ఆలస్యమైతే కుండీలోనే ఉంచి, ఇంట్లో వెలుతురు బాగా వచ్చే చల్లని కిటికీ దగ్గర చలికాలం గడిపించండి. మొదటి ఏడు ఆకులే. రెండో ఏటో మూడో ఏటో పువ్వు.

ఇంత చిన్నదానికి ఇంత రామాయణం దేనికి, నర్సరీలో పది డాలర్లకి దొరకదా అని అడిగేవారు ఉంటారు. దొరికేది దొరుకుతుంది. పసుపు రంగు స్టెల్లా డి ఓరో కావాలంటే ఏ స్టోరుకైనా వెళ్ళండి. ఇండియానాలో వాల్టర్ జబ్లాన్‌స్కీ అనే ఆయన సృష్టించి 1975లో నమోదు చేయించిన రకం అది. పార్కింగ్ లాట్లలో మనం చూసేవి చాలావరకు దాని నకళ్ళే. కాని అందరి పెరట్లోనూ ఉన్నది స్టెల్లా కాదు.

రెండేళ్ళ క్రితం మన సంఘంలో అందరూ పిన్నిగారు అని పిలిచే పెద్దావిడ ఇల్లు అమ్మి, కొలంబస్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నారు. బాబాయిగారు పోయి అప్పటికి ఏడాది. వంటగది కిటికీ కింద ఆయన 1980ల్లో నాటిన డేలిల్లీ దుబ్బు ఒకటి ఉంది. పీచు పండు రంగు రేకులు, గొంతులో పచ్చన, చుట్టూ లేత వంకాయ రంగు వలయం. పేరు రాసిన రేకు ఎన్నడో పోయింది. కొనేవారితో ఒప్పందం కుదిరిపోయింది, జులై ఆఖరున తాళాలు అప్పగించాలి. నేలలో పాతుకున్న మొక్కలు సాధారణంగా ఇంటితో పాటే అమ్ముడైనట్టు లెక్క. తవ్వి తీసుకెళ్ళాలంటే ఒప్పందం రాసేటప్పుడే ఆ మాట రాయించుకోవాలి. ఆవిడకి అది ఎవరూ చెప్పలేదు.

“ఏమ్మా, ఇలాంటిదే ఎక్కడైనా కొనుక్కోలేనా?” అని అడిగారావిడ. మా దగ్గర జవాబు లేదు. నమోదైన డేలిల్లీ రకాలు లక్ష దాటాయి. పీచు రంగుకి వంకాయ వలయం ఉన్నవే ఎన్నో. ఫోటో చూసి ఇదీ దీని పేరు అని ఒట్టేసి చెప్పగలవారు లేరు. పేరు లేని మొక్క పోతే ఆ మొక్క పోయినట్టే, దాన్ని వెతుక్కునే దారి లేదు.

ఆ మాటలు అవుతుండగానే కాడలు పరీక్షగా చూస్తే ఒకదాని మీద మూడు పిలకలు ఉన్నాయి. విషయం చెప్పాము. “అయితే దుబ్బుని కదపక్కర్లేదా? ఆ వచ్చేవాళ్ళకీ ఉంటుందన్నమాట, నాకూ ఉంటుంది” అన్నారు. ఆవిడ మొదట ఆలోచించింది వచ్చేవాళ్ళ గురించి. మూడో వారం దాకా కాడని అలాగే ఉంచి, సామాను లారీ వచ్చే ముందు రోజు కోశాము. ఒక కుండీని ఉడత పీకి పారేసింది. తక్కిన రెంటికీ వేళ్ళు వచ్చాయి. ఒకటి కొలంబస్‌లో అమ్మాయిగారి బాల్కనీలో ఉంది, ఇంకా ఆకులే. రెండోది అప్పనంగా మా పెరట్లో ఉంది. ఈ జులైలో ఒక కాడ వేసి ఏడు పూలు పూసింది. రంగులో వెంట్రుకవాసి తేడా లేదు. ఆ ఫోటో ఫోనులో పంపితే ఆవిడ జవాబు రాయలేదు, అమ్మాయి చేత ఫోన్ చేయించి అరగంట మాట్లాడారు. మొక్క గురించి రెండు నిమిషాలు, తక్కినదంతా బాబాయిగారి గురించి.

మన సంఘంలో 1970ల్లోనూ 80ల్లోనూ వచ్చినవారు ఇప్పుడు ఒక్కొక్కరే పెద్ద ఇళ్ళు వదులుకుంటున్నారు. వారి పెరళ్ళలో ఏమేమి ఉన్నాయో పేర్లతో సహా అడిగి తెలుసుకోవలసింది ఇల్లు అమ్మకానికి బోర్డు పెట్టక ముందే.

పంచుకోవడంలో చూసుకోవలసినవి కొన్ని. కొత్త రకాల మీద పేటెంటు ఉంటుంది. 1930 నాటి చట్టం ప్రకారం అలాంటి మొక్కని పిలకల ద్వారా గాని దుబ్బు విడదీసి గాని అనుమతి లేకుండా పెంచకూడదు, డబ్బు పుచ్చుకోకపోయినా సరే. రేకు మీద పి.పి. అక్షరాలూ నంబరూ ఉంటే, దరఖాస్తు పెట్టినప్పటి నుంచి 20 ఏళ్ళు నిండేదాకా దాని జోలికి వెళ్ళకండి. పాత రకాలకి ఈ బెడద లేదు.

ఇంకొకటి తుప్పు తెగులు. 2000లో ఈ దేశంలో బయటపడింది. ఆకు వెనక వేలితో రాస్తే నారింజ రంగు పొడి అంటుకుంటుంది. చలి గట్టిగా ఉన్న చోట్ల డేలిల్లీ ఆకులు పూర్తిగా చచ్చిపోతాయి కనుక తెగులు సాధారణంగా చలికాలం దాటదు. కాని కిటికీలో వెచ్చగా పెంచే పిలక మీద ఉంటే దానితో పాటు హాయిగా బతికి వసంతంలో పెరట్లోకి దిగుతుంది. అనుమానం ఉన్న పిలకని లోపలికి తేవద్దు. ఇంకోవైపు, గత కొన్నేళ్ళుగా మట్టితో పాటు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరుతున్న గెంతే వానపాముల భయం దీనితో లేదు. కాడ మీద పుట్టిన పిలక మీ పెరటి మట్టిని ముట్టుకోనే లేదు.

పిల్లి ఉన్న ఇళ్ళవారు మాత్రం కిటికీలో కుండీ పెట్టే ఆలోచన మానుకోండి. డేలిల్లీ ఆకు, పువ్వు, పుప్పొడి ఏది తిన్నా పిల్లి కిడ్నీలు పాడైపోయి ప్రాణానికే ముప్పు వస్తుంది. మనుషులకి ఆ భయం లేదు. చైనా వంటల్లో ఎండబెట్టిన డేలిల్లీ మొగ్గలు బంగారు సూదులన్న పేరుతో వాడతారు, ఏషియన్ స్టోరులో పొట్లాలు ఉంటాయి. అక్కడ ఈ మొక్కకి దిగులు మరిపించేది అనీ పేరు, తల్లికి గుర్తు అనీ నమ్మకం. పప్పులో వేసి చూద్దామనుకునేవారు పొట్లమే కొనుక్కోండి. ఇంటి ముందరి మొక్కకి ఎవరు ఏ మందు కొట్టారో తెలియదు.

వినాయక చవితికి మనం కలిసేనాటికి ఈ వేసవి పిలకలు కుండీల్లో కుదురుకుని ఉంటాయి. ఎక్కువైనవారు తీసుకురండి. ఐస్‌క్రీము పుల్ల మీద పెన్సిలుతో రంగు, ఎత్తు, పూసే నెల, ఎవరి ఇంటిదో రాసి గుచ్చండి. పెన్సిలు రాత వానకి చెరగదు. పేరు తెలియకపోతే తెలియదనే రాయండి, ఊహించి పేరు పెట్టవద్దు. పట్టుకెళ్ళేవారు అట్టపెట్టె ఒకటి వెంట తెచ్చుకుంటే కారు సీట్లు పాడవకుండా ఉంటాయి.